పితూరీ అంటే చాడీయా, తిరుగుబాటా? పాత కాగితాలను లెక్కపెట్టే ముందు చదవడం

క్లుప్తంగా: పాత పత్రికలు, సర్కారు దస్త్రాలు, ఉత్తరాలు ఇప్పుడు కంప్యూటర్ తెర మీదికి వస్తున్నాయి. వాటిలో ఒక మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగట్టి చరిత్రపై తీర్పులు చెప్పడం కూడా పెరిగింది. ఆ లెక్కకు విలువ రావాలంటే రెండు పనులు కలిసి జరగాలి. కాగితం ఎవరిది, ఎందుకు మిగిలింది అని అడిగే చారిత్రక పరిశోధన ఒకటి. రాతలోని అర్థాన్ని ముందే చెప్పిన నియమాల ప్రకారం విడదీసే గుణాత్మక విషయ విశ్లేషణ రెండోది. 1922-24 నాటి మన్యం తిరుగుబాటును ఉదాహరణగా తీసుకుని ఈ రెండూ ఎలా పనిచేస్తాయో, ఎక్కడ తడబడతాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఈనాటి తెలుగులో పితూరీ అంటే ఒకరి మీద మరొకరికి చాడీ చెప్పడం. బడిలో పక్క పిల్లవాడి గురించి టీచరుకు చెప్పేది పితూరీ, ఆఫీసులో పైఅధికారి చెవిన వేసేది పితూరీ. నూరేళ్ల కిందట మద్రాసు ప్రెసిడెన్సీలో ఇదే మాట సాయుధ తిరుగుబాటుకు పేరు. ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చిన ‘ఫితూరీ’ని ఇంగ్లీషు అధికారులు తమ నివేదికల్లోకి యథాతథంగా తీసుకున్నారు. 1879లో రంప కొండల్లో రేగిన అలజడి వారికి రంప ఫితూరీ. 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం చేసిన దాడులూ ఫితూరీయే. పాల్గొన్నవారు ఫితూరీదార్లు.

ఇప్పుడు ఒక విద్యార్థి ఆ కాలపు పత్రికలను ముందేసుకుని ‘పితూరీ’ అనే మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్క తీశాడనుకుందాం. చాడీ అనే నేటి అర్థం తలలో ఉంటే కొండ ప్రజలు అధికారులకు పెట్టుకున్న ఫిర్యాదుల కింద వాటిని రాసుకుంటాడు. సంఖ్య సరిగ్గానే వస్తుంది. అది చెప్పే కథ మాత్రం తలకిందులవుతుంది.

మాట పాతదే, మనిషి కొత్తవాడు

ఈ చిక్కు ఒక్క మాటతో ఆగదు. ‘ముఠా’ చూడండి. నేటి వార్తల్లో ముఠా అంటే దొంగల గుంపు, గంజాయి రవాణా చేసేవాళ్లు. గూడెం, రంప కొండల్లో ముఠా అంటే కొన్ని గ్రామాలు కలిసిన పాలనా విభాగం. దానికి శిస్తు వసూలు చేసి పంపే స్థానిక పెద్ద ముఠాదారు. 1922 తిరుగుబాటులో ముందు నిలిచిన వారిలో ముఠాదార్ల కుటుంబాలవారు ఉన్నారు. వారి పలుకుబడి, హక్కులు కుదించుకుపోవడం తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం. ఆ నేపథ్యం తెలియని పరిశోధకుడు ‘ముఠా’ కనిపించిన ప్రతి వాక్యాన్నీ నేరాల గడిలో వేస్తే, ఫిర్యాదుదారు కాస్తా నిందితుడైపోతాడు.

‘దొర’ ఇంకా గమ్మత్తైన మాట. కోస్తా వాడుకలో తెల్లదొర అంటే ఇంగ్లీషు అధికారి. తెలంగాణలో దొర అంటే గడీలో కూర్చున్న భూస్వామి. మన్యంలో అది కొండ పెద్దల పేర్ల చివర వచ్చే మాట. తిరుగుబాటులో సీతారామరాజు సరసన నిలిచిన గాం గంటందొర, గాం మల్లుదొర ఇద్దరి పేర్లలోనూ అది ఉంది. కొండదొరలు అనే తెగ పేరులోనూ ఉంది. ‘దొర’ను పీడించేవాడికి గుర్తుగా తీసుకుని కంప్యూటరుకు అప్పగిస్తే అది తిరుగుబాటుదారులనే పీడకుల జాబితాకు ఎక్కిస్తుంది.

భాషా చరిత్ర తెలిసినవారికి ఇవి కొత్త సంగతులు కావు. సామాజిక శాస్త్రాల పరిశోధనా పద్ధతుల పుస్తకాల్లో మాత్రం చారిత్రక పద్ధతికి ఒక అధ్యాయం, విషయ విశ్లేషణకు మరో అధ్యాయం ఉంటాయి. రెండూ ఒకదాన్నొకటి పలకరించుకోవు. పరీక్షలకు చదివేవారికి ఆ విభజన సౌకర్యం. దస్త్రం ముందు కూర్చున్నవారికి ఆ గోడ నిలవదు.

లెక్కపెట్టడం ఎక్కడ మొదలైంది

విషయ విశ్లేషణ చరిత్రను చెప్పేవారు తరచుగా 18వ శతాబ్దపు స్వీడన్‌తో మొదలుపెడతారు. 1743లో ‘సీయోను గీతాలు’ పేరుతో 90 భక్తిగీతాల సంపుటం వెలువడింది. సర్కారు సెన్సారు దాన్ని అనుమతించింది. జనంలో ఆదరణ పెరిగాక, అధికారిక లూథరన్ మతపెద్దలు ఈ పాటల్లో మతవిరుద్ధ భావాలున్నాయని ఆరోపించారు. అంతట రెండు పక్షాలూ పాటల్లోని మతపరమైన మాటలను, ప్రతీకలను లెక్కపెట్టడం మొదలుపెట్టాయి. తేలిందేమంటే, వివాదాస్పద గీతాల్లోని మాటలే అధికారిక కీర్తనల పుస్తకంలోనూ ఉన్నాయి. దాంతో చర్చ మాటల సంఖ్యను వదిలి సందర్భం మీదికి మళ్లింది. ఒకే ప్రతీకను ఎవరు ఏ భావంతో వాడుతున్నారన్నది ప్రశ్న అయింది. ఈ పద్ధతి మీద నేటికీ నడుస్తున్న వాదం అప్పుడే పుట్టిందనవచ్చు.

1910లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగిన జర్మన్ సామాజిక శాస్త్రవేత్తల తొలి మహాసభలో మాక్స్ వెబర్ పత్రికల మీద పెద్ద సర్వేను ప్రతిపాదించారు. కత్తెర, కంపాస్ పట్టుకుని పత్రికల్లో ఏ అంశానికి ఎంత చోటు దక్కుతోందో కొలవాలని, ఆ తర్వాత గుణాత్మక ప్రశ్నల వైపు సాగాలని ఆయన ఉద్దేశం. ఆ సర్వే జరగలేదు. కొలత ముందు, అర్థం తర్వాత అనే క్రమం మాత్రం స్థిరపడింది. 1952లో బెర్నార్డ్ బెరెల్‌సన్ ఇచ్చిన ప్రసిద్ధ నిర్వచనం దాన్ని మరింత బిగించింది. రాతలో పైకి కనిపించే విషయాన్ని నిష్పాక్షికంగా, క్రమబద్ధంగా, సంఖ్యాత్మకంగా వర్ణించడమే విషయ విశ్లేషణ అన్నారాయన.

అదే ఏడాది అమెరికాలోని ప్రజాభిప్రాయ పరిశోధనల పత్రికలో జీగ్‌ఫ్రీడ్ క్రకావర్ దీనికి ఎదురు నిలిచారు. రాత అంటే ముక్కల పోగు కాదని, ముక్కలుగా చేసి లెక్కపెట్టేటప్పుడు వాటి మధ్య సంబంధం జారిపోతుందని ఆయన వాదన. సంఖ్య తెచ్చే కచ్చితత్వం కొన్ని చోట్ల భ్రమ అని కూడా చూపించారు. గుణాత్మక విషయ విశ్లేషణ అనే పేరు నిలదొక్కుకున్నది ఇక్కడి నుంచే. 1980లలో జర్మనీలో ఫిలిప్ మేరింగ్ దానికి అడుగడుగునా నియమాలు కూర్చారు. 2005లో హ్సియ, షానన్ అనే ఇద్దరు పరిశోధకులు మూడు దారులను వేరు చేసి చూపారు: రాతలోంచే వర్గాలను పుట్టించడం, ముందున్న సిద్ధాంతం నుంచి వర్గాలను తెచ్చుకోవడం, మాటల లెక్కతో మొదలుపెట్టి వాటి వెనుక అర్థానికి వెళ్లడం. పరిశోధనా వ్యాసాల్లో ఈ మూడు పేర్లు తెగ కనిపిస్తాయి. నిజానికి ఏ పరిశోధకుడైనా ఉదయం ఒక దారిలో మొదలుపెట్టి సాయంత్రానికి ఇంకో దారిలో తేలుతాడు.

కాగితం ఎవరిది?

చారిత్రక పద్ధతి దీనికంటే పాతది. 1898లో లాంగ్లోవా, సెన్యొబో అనే ఫ్రెంచి చరిత్రకారులు దస్తావేజు పరిశీలనను రెండు మెట్లుగా వివరించారు. మొదటిది బాహ్య విమర్శ: ఈ కాగితం అసలుదేనా, ఎప్పటిది, ఎవరు రాశారు, మూలమా నకలా? రెండోది ఆంతరిక విమర్శ: రాసినవాడు చెప్పదలచుకున్నదేమిటి, అతనికి ఆ సంగతి ఎలా తెలిసింది, దాచాల్సిన అవసరం ఏమైనా ఉందా?

పోలీసు స్టేషను మీద దాడి చేశాక తీసుకుపోయిన తుపాకులు, తూటాల వివరాలను సీతారామరాజు స్టేషను పుస్తకంలోనే రాసి సంతకం పెట్టేవారని చెబుతారు. ఆ పుట ఒకటి పరిశోధకుడి చేతికి వచ్చిందనుకుంటే, అది ఎవరి దస్తావేజు? పుస్తకం పోలీసులది, చేతిరాత తిరుగుబాటుదారుడిది. చదవవలసినవాడు కలెక్టరు, చెప్పుకోవలసినవారు జనం. ఆస్తి జాబితా రూపంలో ఉన్న సవాలు అది. కేవలం జాబితాగా కోడ్ చేస్తే, అంటే దానికి ఒక వర్గం పేరు తగిలిస్తే, ‘ఆయుధాలు’ అనే గడిలో ఒక టిక్కు పడుతుంది. స్టేషను పుస్తకంలో రాయడమే సందేశం అన్న సంగతి ఏ గడిలోనూ పడదు.

పత్రికల విషయంలో ఈ చిక్కు ఇంకా లోతు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల తెలుగు పత్రికల్లో ఎన్నో సంచికలు నేడు దొరకవు. 1902లో మచిలీపట్నంలో పుట్టిన కృష్ణాపత్రిక, 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై 1914 నుంచి మద్రాసులో దినపత్రికగా వచ్చిన ఆంధ్రపత్రిక వంటి పెద్దవాటి సంచికలు చాలావరకు మిగిలాయి. చిన్న పత్రికలకు ఆ అదృష్టం లేదు. వాటి కోసం చరిత్రకారులు ఆశ్రయించేది మద్రాసు ప్రభుత్వం రహస్యంగా తయారు చేయించుకున్న దేశభాషా పత్రికల నివేదికలను. సర్కారు అనువాదకులు తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ, ఉర్దూ పత్రికలు చదివి, ఏలినవారికి అవసరమనిపించిన భాగాలను ఇంగ్లీషులోకి తెచ్చి పైకి పంపేవారు.

వీటిని మాత్రమే విశ్లేషిస్తే తెలుగు పత్రికలకు రాజకీయం తప్ప వేరే ధ్యాస లేదని తేలుతుంది. పద్యాలు, పంచాంగం, వితంతు వివాహ చర్చలు, తలనొప్పి మందుల ప్రకటనలు అనువాదకుడి వడపోతలో నిలవలేదు కాబట్టే ఆ ఫలితం. అది పత్రికల గురించి చెప్పే నిజం కాదు, ప్రభుత్వం దేనికి భయపడిందో చెప్పే నిజం. ఆ రెండో ప్రశ్న అడిగినవారికి ఈ నివేదికలు బంగారు గని.

అనువాదంలో ఇంకొకటి కూడా పోతుంది. తెలుగులో ఒక మనిషి గురించి చెప్పాలంటే అతనికి గౌరవం ఇస్తున్నామో లేదో తేల్చుకోకుండా క్రియను ముగించలేం. ‘పట్టుబడ్డాడు’, ‘పట్టుబడ్డారు’, ‘పట్టువడెను’, ‘రాజుగారు పట్టుబడిరి’ అనే నాలుగూ ఇంగ్లీషులో ఒకే వాక్యం. తెలుగు పత్రిక తిరుగుబాటు నాయకుణ్ని ఖండిస్తూనే ‘గారు’ తగిలించిందా, మెచ్చుకుంటూనే ఏకవచనంలో రాసిందా అన్నది సంపాదకుడి మనసుకు దగ్గరి దారి. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల నుంచి తెచ్చుకున్న వర్గాల పట్టికలో గౌరవ వాచకానికి గడి ఉండదు. దాన్ని తెలుగు పరిశోధకుడే గీసుకోవాలి.

కోడ్ పుస్తకం పుట్టే తీరు

పని ఎలా సాగుతుందో చూడటానికి ఆ కాలపు పత్రికా శైలిలో ఒక వాక్యాన్ని ఊహించుకుందాం: “రోడ్డు పనికి రాని కొండవారిని డిప్యూటీ తహశ్శీలుదారు గారు పిలిపించగా, వారు చావడివద్ద గుమిగూడి అల్లరి చేసిరి.”

వాక్యం కల్పితమే అయినా నేపథ్యం కల్పితం కాదు. గూడెం ప్రాంతంలో డిప్యూటీ తహసీల్దారుగా ఉన్న బాస్టియన్ రోడ్డు పనులకు కొండ ప్రజలను బలవంతాన పెట్టి, సరైన కూలి ఇవ్వలేదన్నది తిరుగుబాటు తక్షణ కారణాల్లో ప్రధానమైనది. దాని వెనుక 1882 మద్రాసు అడవుల చట్టం ఉంది. పోడు సేద్యానికి, అడవిలో స్వేచ్ఛగా తిరగడానికి అడ్డుకట్ట వేసింది అదే. ఇంకా వెనక్కి వెళితే 1879 ఫితూరీ, కల్లు మీద వేసిన చిగురుపన్ను ఉన్నాయి.

ఈ వాక్యానికి కోడ్ వేయడానికి మొదట ‘విభాగం’ తేల్చాలి. కొలిచేది మాటనా, వాక్యాన్నా, మొత్తం వార్తనా? మాట అయితే ‘అల్లరి’ దొరుకుతుంది. అక్కడే మళ్లీ పాత చిక్కు. నేటి అల్లరి పిల్లలది, నాటి అల్లరి నేటి బహువచన రూపమైన ‘అల్లర్లు’కు దగ్గర. వాక్యం అయితే ఘటన దొరుకుతుంది: పిలుపు, గుమిగూడటం, అల్లరి. మొత్తం వార్త అయితే పత్రిక ఎటువైపు మొగ్గిందో అందుతుంది.

తర్వాత వర్గాలు. పైపైన చదివితే ఇది ‘శాంతిభద్రతలు’. కొంచెం ఆగి చదివితే కర్తలూ క్రియలూ మాట్లాడతాయి. అధికారి చేసిన పని ‘పిలిపించడం’. ఎంత మెత్తటి మాటో! కొండవారు చేసినవి ‘రాకపోవడం’, ‘గుమిగూడటం’, ‘అల్లరి చేయడం’. అధికారికి ‘గారు’ ఉంది, కొండవారికి పేరే లేదు. ఎందుకు రాలేదన్న సంగతి వాక్యంలో లేనే లేదు, కూలి మాట ఎత్తలేదు. గుణాత్మక విశ్లేషణ చేసేవారు అప్పుడు ‘జీవనోపాధి’ అనే వర్గాన్ని, ‘కారణం చెప్పకపోవడం’ అనే మరో వర్గాన్ని చేరుస్తారు. దేన్ని ఏ వర్గంలో వేయాలో, దేన్ని వేయకూడదో ఉదాహరణలతో రాసిపెట్టుకునేదే కోడ్ పుస్తకం. కొన్ని పదుల వార్తల మీద ప్రయత్నించి, కుదరని చోట నిర్వచనం మార్చి, మళ్లీ మొదటి నుంచి కోడ్ వేస్తారు. ఈ వెనక్కి రావడం విసుగు పుట్టించే పని. నాసిరకం పరిశోధన ముందుగా ఎగ్గొట్టేదీ దీన్నే.

ఇద్దరు విడివిడిగా కోడ్ వేస్తే ఎంతవరకు కలుస్తున్నారన్నది తర్వాతి పరీక్ష. ఇక్కడ శాతం మోసం చేస్తుంది. 100 వార్తలున్నాయనుకుందాం. ఇద్దరూ చెరో 80 వార్తలను ‘శాంతిభద్రతలు’గా, 20 వార్తలను ‘జీవనోపాధి’గా గుర్తించారు. 86 వార్తల్లో ఒకే మాట మీద ఉన్నారు. 86 శాతం అంటే బాగుందనిపిస్తుంది. కానీ చదవకుండా అదే నిష్పత్తిలో గుడ్డిగా గుర్తులు పెట్టినా 68 వార్తల్లో కలిసేవారు (0.8ను 0.8తో హెచ్చిస్తే 0.64, 0.2ను 0.2తో హెచ్చిస్తే 0.04, రెండూ కలిపి 0.68). ఈ యాదృచ్ఛిక భాగాన్ని తీసేసి చూసే కొలత 1960లో జేకబ్ కోహెన్ ప్రతిపాదించిన కప్పా. ఇక్కడ దాని విలువ 0.18ని 0.32తో భాగిస్తే వచ్చే 0.56 మాత్రమే. క్లాస్ క్రిపెన్‌డార్ఫ్ ఇలాంటిదే అయిన తన ఆల్ఫా కొలతకు సూచించిన హద్దులు వేరు: నమ్మదగిన నిర్ధారణకు 0.80, తాత్కాలిక నిర్ధారణకు కనీసం 0.667. కొలత వేరైనా, వాటి పక్కన పెడితే 0.56 చిన్నదే.

తేడా ఎక్కడ వచ్చిందో వెతికితే అసలు సంగతి బయటపడుతుంది. ఒక్కొక్కరు ‘జీవనోపాధి’ అన్న 20 వార్తల్లో ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నవి 13. గొడవ పడిన 14 వార్తలూ పైన ఊహించుకున్న వాక్యంలాంటివే అయ్యుంటాయి: పైకి అల్లరి, లోపల కూలి. ఇద్దరు కోడర్లు కొట్టుకున్న చోటే చరిత్ర ఉంది. చాలామంది పరిశోధకులు దాన్ని ‘పొరపాటు’గా సర్దేసి ముందుకు వెళతారు. ఆ 14 వార్తలనూ పక్కన పెట్టుకుని మళ్లీ చదివినవారికే కొత్త ప్రశ్న దొరుకుతుంది.

ఏలినవారి భాషను తిరగేయడం

అణగారినవారి వైపు నుంచి చరిత్రను చూసిన సబాల్టర్న్ అధ్యయనాల సంపుటాలు 1982 నుంచి వెలువడి ఇలాంటి చదువుకు భారతదేశంలో బలమైన దారి వేశాయి. మొదటి సంపుటంలోనే డేవిడ్ ఆర్నాల్డ్ గూడెం-రంప తిరుగుబాట్లను 1839 నుంచి 1924 వరకు ఒకే గొలుసుగా పరిశీలించారు. మరుసటి ఏడాది రెండో సంపుటంలో రణజిత్ గుహ తిరుగుబాట్ల మీది సర్కారు రాతలను మూడు పొరలుగా విడదీశారు: ఘటన జరుగుతుండగా రాసిన ఉత్తరాలు, టెలిగ్రాములు, కొన్నాళ్లు గడిచాక అధికారులు రాసుకున్న జ్ఞాపకాలు, నివేదికలు, ఆ తర్వాతి కాలపు చరిత్రకారుల పుస్తకాలు. మొదటి పొరలోని పదజాలం మూడో పొర దాకా ఎలా పాకుతుందో ఆయన చూపించారు. తిరుగుబాటు చేసిన రైతుల పట్ల సానుభూతి ఉన్న చరిత్రకారుడు కూడా తెలియకుండానే కలెక్టరు కళ్లద్దాలతో చూస్తాడని ఆయన వాదన.

దానికి మందుగా గుహ సూచించింది పదాలను తిరగేసి చదవడం. అధికారి ‘మతోన్మాదులు’ అని రాసిన చోట సంస్కరణవాదులు ఉండవచ్చు. ‘రాజ్యాధికార ధిక్కారం’ అన్న చోట జమీందారీ వ్యవస్థ మీద తిరుగుబాటు ఉండవచ్చు. ఇది గుణాత్మక విషయ విశ్లేషణే, ఆ పేరు పెట్టుకోలేదంతే. ఒక తేడా ఉంది. గుహ దగ్గర కోడ్ పుస్తకం లేదు, ఏ పదాన్ని ఎప్పుడు తిరగేయాలన్న నియమం పాఠకుడికి కనిపించదు. తిరగేసిన ప్రతిసారీ పీడితుడి గొంతే వినిపిస్తుందన్న హామీ కూడా లేదు. ముఠాదారు పీడితుడా, కింది రైతుల దగ్గర శిస్తు గుంజిన పెద్దమనిషా? 1922లో అతను ఈ రెండూ కావచ్చు. చరిత్రకారుల చదువుకు విషయ విశ్లేషణ ఇవ్వగలిగిన సాయం ఇదే. తీర్పు ఎలా చెప్పారో మెట్టు మెట్టుగా బయటపెట్టమంటుంది. అవే మెట్లు ఎక్కి వేరే తీర్పు చెప్పే అవకాశం ఇంకొకరికి ఇస్తుంది.

లేని మాటను చదవడం

లెక్క ఎప్పుడూ ఉన్నదాన్నే లెక్కిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ విశ్లేషకులు జర్మన్ రేడియో ప్రసారాలను రోజూ విని, నాజీ నాయకత్వం ఏం చేయబోతోందో అంచనా కట్టేవారు. నాజీ ప్రచార మంత్రి గోబెల్స్ యంత్రాంగం ప్రతీకార ఆయుధం గురించి మాట్లాడే తీరును బట్టి, అది ఉత్త బెదిరింపు కాదని పసిగట్టినవారున్నారు. ఆ ఆయుధమే అయిన వీ-1 బాంబులు 1944 జూన్ 13న లండన్‌ను తాకాయి. యుద్ధం ముగిశాక స్వాధీనమైన జర్మన్ దస్త్రాలతో ఆ పాత అంచనాలను పోల్చి అలెగ్జాండర్ జార్జ్ 1959లో పుస్తకం రాశారు. విషయ విశ్లేషణను చారిత్రక ఆధారం పరీక్షించిన అరుదైన సందర్భం ఇది. ఒక మాట ఎన్నిసార్లు వచ్చిందన్నదాని కంటే ఒక్కసారైనా వచ్చిందా, ఉన్నట్టుండి రావడం మానేసిందా అన్నదే చాలాచోట్ల సరైన అంచనాకు దారి తీసిందని ఆయన చూపించారు.

ఆధారంలో లేకపోవడం వేరు, లోకంలో లేకపోవడం వేరు. తెలుగులో దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతంలో కవులు పూజ్యం (సున్నా) అన్న విమర్శ వచ్చినప్పుడు, సురవరం ప్రతాపరెడ్డి ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. అందులో చోటు దక్కినవారు 354 మంది. అప్పటిదాకా అచ్చులో కనిపించిన పేర్లను మాత్రమే లెక్కగడితే పూజ్యానికి దగ్గరి సంఖ్యే వచ్చేదేమో. అచ్చు యంత్రాలు, పత్రికలు ఎక్కడున్నాయన్న వాస్తవాన్ని ఆ సంఖ్య కవుల సంఖ్యగా చూపించేది. సురవరం చేసింది ఎదురు వాదన కాదు, ఆధారాల గుట్టనే మార్చేశారు.

మౌఖిక చరిత్ర కూడా ఇలాంటి గుట్ట మార్పే. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న మహిళల మాటలను స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా బృందం 1980లలో రికార్డు చేసి పుస్తకంగా తెచ్చినప్పుడు, అంతవరకు వచ్చిన రాతల్లో వెనక్కి ఉండిపోయిన విషయాలు ముందుకు వచ్చాయి: దళంలో ప్రసవం, బిడ్డను వదిలేయడం, పోరాటం ఆగాక ఇంటికి పంపేయడం. అయితే జ్ఞాపకానికీ బాహ్య విమర్శ తప్పదు. మన్యంలో ఎవరైనా 1922 గురించి తాతల నుంచి విన్న కథ చెబుతుంటే, 1974లో సీతారామరాజు మీద వచ్చిన సినిమా ఆ కథలో ఎంత కలిసిందో అడగాలి. కలిస్తే అది అబద్ధమైపోదు. 1922 గురించి కాకుండా 1974 తర్వాతి ఊరి గురించి చెప్పే సాక్ష్యం అవుతుంది.

పేర్లు మారిన క్రమం

1924 మే 7న కొయ్యూరు దగ్గర సీతారామరాజును చంపేశాక సర్కారు దృష్టిలో ఫితూరీ అణిగిపోయింది. అక్కడి నుంచి ఘటన పేరు మారుతూ వచ్చింది. 1929లో గాంధీ తన యంగ్ ఇండియా పత్రికలో సాయుధ మార్గాన్ని ఒప్పుకోకుండానే రాజు ధైర్యాన్ని, త్యాగాన్ని మెచ్చుకున్నారు. తిరుగుబాటులో శిక్ష పడిన గాం మల్లుదొర 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు. ఫితూరీదారు పార్లమెంటు సభ్యుడయ్యాడు. 2022 ఏప్రిల్‌లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. ఫితూరీ, అల్లరి, తిరుగుబాటు, విప్లవం, స్వాతంత్ర్య పోరాటం: ఏ దశాబ్దంలో ఏ పేరు ఎక్కువ వాడారో లెక్కగట్టడం మాటల లెక్క నిజంగా పనికొచ్చే చోటు. ప్రశ్న ఇక్కడ 1922లో ఏం జరిగిందన్నది కాదు. తర్వాతి తరాలు దాన్ని ఎలా తమది చేసుకున్నాయన్నది. ఆ పేర్ల వరుసలో ముఠాదారు హక్కులు, పోడు, కూలి ఎప్పుడు పక్కకు జరిగాయో కూడా అదే పట్టికలో కనిపిస్తుంది.

వెతుకులాట పెట్టె ముందు

జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) దస్త్రాలు అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో దొరుకుతున్నాయి. పాత తెలుగు పత్రికల సంచికలను ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించి అందుబాటులోకి తెచ్చింది. ఒకప్పుడు రైలెక్కి వెళ్లి చూడవలసినవి ఇప్పుడు ఇంట్లో కూర్చుని చూడవచ్చు. బొమ్మగా ఉన్న పుటను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్‌లూ మెరుగవుతున్నాయి. లాభం చిన్నది కాదు. నష్టం ఏమిటంటే, వెతికిన మాట దొరికిన పుటనే చదవడం, దాని పక్క వార్తను చదవకపోవడం అలవాటవుతుంది.

పాత తెలుగు అచ్చు ఈ వెతుకులాటకు అంత సులువుగా లొంగదు కూడా. సరళాదేశ సంధి పాటించిన పత్రికలో ‘తిరుగుబాటు చేసిరి’ అన్నది ‘తిరుగుబాటుఁ జేసిరి’గా ఉంటుంది. ‘చేసిరి’ అని వెతికితే అది తగలదు. మధ్యలోని అరసున్నను సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి నిండుసున్న చేస్తుంది, ఒక్కోసారి మింగేస్తుంది. శకటరేఫను (ఱ) మామూలు రేఫగానో ఇంకేదో అక్షరంగానో చదువుతుంది. సీసపు అచ్చు అరిగిపోయిన పుటలో ‘ఫ’ కింది చిన్న గీత రాలిపోయి ‘ప’ మిగులుతుంది. ఈ వ్యాసం మొదటి మాటకే ‘ఫితూరి’, ‘ఫితూరీ’, ‘పితూరి’, ‘పితూరీ’ అనే నాలుగు రూపాలు, ‘దార్లు’, ‘దారులు’ చేరితే ఇంకొన్ని. వాటిలో ఒక్కదాన్ని పెట్టెలో టైపు చేసి మీట నొక్కితే తెర మీద ఫలితాలు సున్నా అని రావచ్చు. ఆ సున్నా వెనుక ఉన్న పుటను పెద్దది చేసి చూస్తే, రెండో కాలమ్‌లో వరుస చివర ‘ఫితూ’ అని తెగి, కింది వరుసలో ‘రీదార్లు’ అని మొదలవుతూ ఉండవచ్చు.